పడమటి గోడ

తుఫాను వెళ్లిపోయిన ఇరవై రెండో రోజున కొత్తపేట నుంచి ఒక వ్యాను నిండా మనుషులు వచ్చారు. కూలి తీసుకోకుండా చర్చి బాగుచేసి వెళ్తామన్నారు. వాళ్లు వచ్చింది రాజోలు దగ్గర ఒక చిన్న పేటకి. అక్కడి చర్చి పడమటి గోడ మొత్తం కూలిపోయింది. పైకప్పు రేకులు సగం పక్క కొబ్బరితోటలో పడి ఉన్నాయి. ఆ గోడ కిందే నతానియేలు మాస్టారు చనిపోయారు.

వచ్చినవాళ్లకి వంట నేను చేస్తానంది ఆయన భార్య పుష్పలత. పేటలోవాళ్లు వద్దన్నారు. ఆమె వినలేదు. ఇంట్లో కూర్చుంటే పరామర్శకి వచ్చిన ప్రతివాళ్లూ ఆమె ఎప్పుడు ఏడుస్తుందా అని ముఖంలోకి చూస్తున్నారు. సమాధి దగ్గర కూడా ఆమెకు ఏడుపు రాలేదు. ఉల్లిపాయలు తరుగుతుంటే కళ్లు నిండాయి గాని, కత్తిపీట పక్కన పెట్టగానే ఆరిపోయాయి.

మూడో రోజు పొద్దున మజ్జిగ పట్టుకెళ్లింది. ఆ వ్యానులో వచ్చిన పలివెల తాపీమేస్త్రి భీమరాజు నడుమెత్తు లేచిన గోడ దగ్గర ఉన్నాడు. ఆమె ఎవరో అతనికి తెలియదు. గ్లాసు అందుకుంటూ అన్నాడు.

“ఆ మాస్టారు గొప్పోరండి. అంత గాలిలో చర్చిని కాపాడదామని వచ్చేరంట. మనవల్లవుద్దా అండి?”

పాస్టరు జాన్ గారు సమాధి దగ్గర చెప్పిందీ అదే. దేవుని మందిరం కొరకు ప్రాణమర్పించిన వాడు అని రాయి మీద చెక్కించి ఈ గోడలోనే పెట్టిద్దామంటున్నారు.

“ఆయన వస్తానన్లేదండి. నేనే పంపేను,” అంది పుష్పలత.

భీమరాజు తాపీ గోడ మీద పెట్టాడు. ఆమె కూరలో ఉప్పు ఎంత వేసిందో చెప్పినట్టు చెప్పింది. తుఫాను రోజు పొద్దున ఆయన అప్పుడే టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నారు. వాన తగ్గాక వెళ్తానన్నారు. స్త్రీల సమాజం వాళ్లు కొన్న కీబోర్డు చర్చిలో తడిసిపోతుందని, రెండు నిమిషాల పనేనని ఆమే తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టింది. టీ మీద మూత పెట్టమని చెప్పి ఆయన వెళ్లారు. కీబోర్డు అక్కడ లేనే లేదు. వాయించే పిల్ల శారోన్ ముందురోజు సాయంత్రమే దాన్ని ఇంటికి పట్టుకెళ్లిందట. ఆ సంగతి పుష్పలతకు సమాధి కార్యక్రమం అయ్యాక తెలిసింది.

“ఆ పిల్లకి చెప్పకండి,” అంది.

“ఆయ్, చెప్పనండి.”

అతను గ్లాసు కింద పెట్టి, ఆ ఇటుకలు కొంచెం అందిస్తారా అని అడిగాడు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఆమె ఇటుకలు అందిస్తూనే ఉంది. ఆ రోజు భోజనాలు ఆలస్యమయ్యాయి.

సాయంత్రం పాస్టరు గారికీ అంతా చెప్పింది.

“ఆయనెళ్లింది దేవుని మందిరానికే కదమ్మా,” అన్నారాయన.

“నా మాటకి వెళ్లేరండి. రాయి మీద పేరు చాలండయ్యగారూ. పుట్టిన తారీకు, పోయిన తారీకు.”

అలాగే చెక్కించారు.

ఆదివారం ఆరాధన కొత్త గోడ పక్కనే జరిగింది. సిమెంటు ఇంకా తడి వాసన వేస్తోంది. శారోన్ కీబోర్డు వాయించింది, అందరూ పాడారు. పుష్పలత పాటల పుస్తకం తెరిచి పట్టుకుని నిలబడింది. ఏదో ఒకటి కదులుతుందేమోనని లోపల వెతుక్కుంది. ఏమీ కదల్లేదు. రాయి మీద పేరు చదివింది. అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి.

భోజనాలయ్యాక వచ్చినవాళ్లు సామాను వ్యానులోకి ఎక్కిస్తున్నారు. కె.గంగవరం దగ్గర ఒక బడి పైకప్పు ఎగిరిపోయిందట, అక్కడికి వెళ్తున్నారు. పుష్పలత తన గరిటెలు, పెద్ద గిన్నె కడిగి తుడిచి తెచ్చింది. తానూ వస్తానంది.

ఆడపడుచు హేమ పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. “నలభయ్యో రోజు జ్ఞాపకార్థ కూడిక కూడా అవ్వలేదు వదినా. జనం ఏమనుకుంటారు?”

“అప్పటికి వచ్చేస్తాను,” అంది పుష్పలత. చెయ్యి విడిపించుకోలేదు, హేమే వదిలేసింది.

వ్యానులో భీమరాజు సిమెంటు బస్తాలు జరిపి చోటిచ్చాడు. వాళ్లందరినీ తీసుకొచ్చిన శాంతి అనే టీచరమ్మ వెనక్కి తిరిగి, అక్కడ పిల్లలతో కలిపి ఎనభై మంది ఉంటారు, చెయ్యగలరా అండి అని అడిగింది.

“ఆయ్,” అంది పుష్పలత. నీళ్లు దగ్గర్లో దొరుకుతాయా అని మాత్రం కనుక్కుంది.