ఎనిమిదో ఇంట్లో శని

మొన్న బుధవారం కుజుడు కూడా వచ్చి శని పక్కనే చేరాడు, ఒకే ఇంట్లో ఇద్దరు కోపిష్ఠులు, ఏ పుస్తకం తిరగేసినా ఇలాంటప్పుడు కత్తి జోలికి పోవద్దనే రాసి ఉంటుంది, అనుకుంటూ ఎదుటి గోడమీది గడియారం చూస్తున్నాను, పదీ పది, ఆపరేషన్ థియేటర్ తలుపు పైన ఎర్రదీపం వెలిగి రెండు గంటలు దాటింది, ఈ కుర్చీలన్నిటినీ ఒకే ఇనప కడ్డీకి బిగించారు, పక్కన కూర్చున్న కళ్ళజోళ్ళ కొట్టతను మోకాలు ఊపితే వరుస మొత్తం ఊగుతోంది, కాస్త ఆపండి బాబూ అనబోయి ఊరుకున్నాను, ఊపుకోనీ, లోపల ఉన్నది అతని భార్య, ఏ జబ్బూ లేని మనిషి, పోయిన వారం దాకా బడిలో పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి, తన రెండు కిడ్నీల్లో ఒకటి అన్నకివ్వడానికి తన కాళ్ళతో తానే నడిచి లోపలికి వెళ్ళింది, ఆ అన్న పక్క థియేటర్లో ఉన్నాడు, లిఫ్టులు బాగుచేసే మెకానిక్, రెండేళ్ళుగా వారానికి మూడుసార్లు మిషన్ మీద రక్తం శుభ్రం చేయించుకుంటున్నాడు, పొద్దున స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే నన్ను చూసి, భయపడకండమ్మగారూ, పైకి పోవడం నా వృత్తి, పోయినవాణ్ణి ప్రతిసారీ కిందికి దిగుతూనే ఉన్నాను కదా, అన్నాడు, స్ట్రెచర్‌కి ఒక చక్రం సరిగా తిరగడం లేదు, కిర్రు కిర్రుమంటూ పోయింది, దానికి కాస్త నూనె వేయించండి అని అటెండర్‌కి చెబుతూనే తలుపులోకి వెళ్ళిపోయాడు, జాతకాలు చూసుకునేదాన్ని నాకు ఈ ఆసుపత్రి వరండాలో ఏం పని అంటే, ఈ కళ్ళజోళ్ళతనే రమ్మన్నాడు, మీరు కూడా ఉండండమ్మగారూ, ఏదైనా అయితే తిట్టడానికి ఒక మనిషి ఎదురుగా ఉండాలి కదా, అన్నాడు, నవ్వుతూనే అన్నాడు గాని అది నవ్వు కాదని నాకూ తెలుసు, వస్తాను బాబూ అన్నాను, వచ్చాను.

అతను నాకు ఫోన్ చేసింది నాలుగు వారాల కిందట, ఆదివారం మధ్యాహ్నం, నేను తడిబట్టలు ఆరేస్తున్నాను, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని వింటున్నాను, అమ్మగారూ, రేపు మా ఆవిడ మీ దగ్గరకొస్తుంది, కిడ్నీ విషయం అడుగుతుంది, మీరు ఎలాగైనా గ్రహాలు బాగాలేవని చెప్పాలి, మీ మాటంటే దానికి గురి, మా బావ మంచివాడే, కాదన్ను, కానీ నాకు ఇద్దరు ఆడపిల్లలు, చిన్నదానికి ఇంకా చెప్పులు ఏ కాలివి ఆ కాలికి తొడుక్కోవడం రాదు, రేపు దీనికేమైనా అయితే నేనేం చేయాలి, అబద్ధం చెప్పమనడం లేదు, కాస్త భయపెట్టండి చాలు, అన్నాడు, చూద్దాం లెండి అని పెట్టేసి లోపలికి వెళ్ళి ఆమె జాతకం తీశాను, చంద్రుడు కర్కాటకంలో, శని ఇప్పుడు నడుస్తున్నది కుంభంలో, వేళ్ళ మీద లెక్కపెట్టినా ఎనిమిదే, అష్టమ శని, పైగా డాక్టర్లిచ్చిన తారీఖుకి కుజుడు కూడా అక్కడికే వచ్చేస్తాడు, అంటే నేను కొత్తగా భయపెట్టక్కర్లేదు, నోట్లోంచి అబద్ధం రానక్కర్లేదు, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివితే చాలు, ఆమె ఆగిపోతుంది, ఇతను ఊపిరి పీల్చుకుంటాడు, నా మాటకు మచ్చరాదు, ఇంత సులువుగా ఉన్నందుకే నాకు ఎక్కడో గుచ్చుకుంది, ఆ గొంతు, కాస్త భయపెట్టండి చాలు అన్న ఆ గొంతు నేను ఇదివరకు ఎక్కడో విన్నాను, బకెట్లో బట్టలు అలాగే ఉండిపోయాయి, ఎక్కడ విన్నాను ఎక్కడ విన్నాను అనుకుంటూ సాయంత్రం దాకా ఇల్లంతా తిరిగాను.

నాన్నది ఆ గొంతు, నా ఇరవై ఆరో ఏట, అమ్మ పోయిన నాలుగో నెలలో, నాన్న తపాలా ఆఫీసులో గుమాస్తా, జాతకాలు చూడటం ఆయనకు సాయంత్రాల పని, నాకొచ్చిన ఉత్తరం ఆయన చేతులమీదుగానే ఇంటికొచ్చింది, వాతావరణ కేంద్రంలో ఉద్యోగం, సముద్రం మధ్య చిన్న దీవి, రోజుకు ఎనిమిదిసార్లు గాలి ఎటు వీస్తోందో, వాన ఎన్ని మిల్లీమీటర్లు పడిందో, మబ్బులు ఎంత ఎత్తులో ఉన్నాయో రాసి పంపాలి, మబ్బుల్ని చూస్తే జీతమిస్తారా అని నేను ఎగిరి గంతేశాను, నాన్న కంచం ముందు కూర్చుని, అన్నం కలుపుతూ కలుపుతూ ఆపి, నీకు ఏలినాటి శని మొదలైందమ్మా, పన్నెండో ఇంట్లోకి వచ్చేశాడు, ఏడున్నరేళ్ళు, దూరదేశం, నీళ్ళు, ఒక్కదానివి, ఈసారికి వద్దులే, అన్నాడు, నేను తలెత్తి చూస్తే ఆయన కంచంలోకి చూస్తున్నాడు, సరే అన్నాను, మళ్ళీ రాస్తే వస్తుందిలే అనుకున్నాను, ఏడున్నరేళ్ళు గడిచేసరికి ఆ ఉద్యోగానికి వయసు దాటిపోయింది, ఈలోగా ఆయన పక్కన కూర్చుని ఈ విద్య నేర్చుకున్నాను, బాగానే నేర్చుకున్నాను, వచ్చినవాళ్ళు నాన్నకంటే కూతురే నయం అనేంతగా, కానీ ఎవరెవరి జాతకాలో వేలకొద్దీ చూసినదాన్ని ఆ ఏడాది నా గోచారం మాత్రం ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూసుకోలేదు, చెప్పింది నాన్న కదా, ఇక చూసేదేముంది, ఆ ఆదివారం మాత్రం స్టూలేసుకుని అటక మీది ట్రంకుపెట్టె దించాను, మోకాలు కలుక్కుమంది, పాత పంచాంగాలు ఒక్కొక్కటే దులిపి ఆ ఏడాదిది తీసి, ఆ నెల, ఆ వారం, వేలు పెట్టి చూసుకున్నాను, శని పన్నెండులో లేడు, పదకొండులో ఉన్నాడు, లాభస్థానంలో, శని ఎవరికైనా మేలు చేయాలంటే అంతకంటే మంచి చోటు లేదు, పన్నెండులోకి రావడానికి ఇంకా పద్నాలుగు నెలలుంది, రెండుసార్లు చూశాను, కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చూశాను, నాన్న నిమిషం కూడా లెక్క తప్పే మనిషి కాడు, ఏడాది పైచిలుకు ఎలా తప్పుతాడు, తప్పలేదు, నా కాళ్ళకు బంధం వేయడానికి శనిని ముందుకు జరిపాడు, పెట్టె మూత ధడాలున పడేశాను, పోయి పదేళ్ళయిన మనిషి మీద నాకంత కోపం వస్తుందని నాకే తెలియదు, ఆ కోపంలోనే అనుకున్నాను, ఇక ఈ ఇంట్లో శని నోటితో ఎవరి భయాన్నీ పలికించను, ఎవరు ఏడ్చి అడిగినా సరే.

మర్నాడు లెక్కల టీచరు బడి నుంచి తిన్నగా వచ్చింది, చేతికి ఇంకా సుద్దపొడి ఉంది, కూర్చోగానే, మేడమ్, నేను అడగడానికి రాలేదు, చెప్పించుకోవడానికి వచ్చాను, అంది, మా అన్నకి ఇవ్వాలని ఎప్పుడో అనుకున్నాను, పరీక్షలన్నీ అయ్యాయి, సరిపోతుందన్నారు, మా ఆయనే ఒప్పుకోవడం లేదు, మీరు గ్రహాలు బ్రహ్మాండంగా ఉన్నాయని ఒక్క మాట అంటే చాలు, ఆయనకి మీ మాటంటే గురి, నాకు అంతలోనే నవ్వొచ్చింది, మొగుడూ పెళ్ళాలకు ఒకరి మీద ఒకరికి లేని గురి ఇద్దరికీ నా మీదుంది, అడకత్తెరలో పోకచెక్కని అయ్యాను, ఆయన ఎక్కడున్నారమ్మా అంటే కింద స్కూటర్ మీద కూర్చున్నారు, లోపలికి రానన్నారు, అంది, కిటికీలోంచి తొంగి చూశాను, స్కూటర్ మీద కూర్చుని చొక్కా అంచుతో కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు, తుడిచిందే తుడుస్తున్నాడు, పైకి రండి బాబూ అని కేకేశాను, నాకెందుకమ్మగారూ అన్నాడు, మీకే, రండి, అన్నాను, అతను మెట్లెక్కి వస్తున్నాడు, చేస్తున్నది తప్పేమో, ఇల్లు నిలబెట్టబోయి కూలుస్తానేమో, ఇది జాతకం చూడటం కాదు, ఇంకొకళ్ళ కాపురంలో వేలు పెట్టడం, అయినా సరే, పెట్టాల్సిందే, ఇద్దర్నీ బల్లకి అటొకరు ఇటొకరు కూర్చోబెట్టి పంచాంగం విప్పి వాళ్ళవైపు తిప్పాను, ఇదిగో శని, అమ్మాయి రాశికి ఎనిమిదో ఇల్లు, పుస్తకంలో ఉన్నది దాచను, ఒంటికి శ్రమ అంటుంది, కోత అంటుంది, బెంగ అంటుంది, కానీ పన్నెండు మందిలో ఒకరిది ఈ రాశే, వాళ్ళందరికీ రెండున్నరేళ్ళపాటు ఇదే శని, వాళ్ళలో కాన్పులైనవాళ్ళున్నారు, ఆపరేషన్లై లేచి తిరిగినవాళ్ళున్నారు, లేవనివాళ్ళూ ఉంటారు, దారి బరువుగా ఉందని మాత్రమే నేను చెప్పగలను, వెళ్ళమనీ చెప్పను, ఆగమనీ చెప్పను, కత్తి సంగతి డాక్టర్ని అడగండి, ఇవ్వాలో వద్దో మీరిద్దరూ ఒకళ్ళనొకళ్ళు అడగండి, నిన్న ఫోన్లో మీరేమడిగారో మీరే చెప్పండి బాబూ, ఇప్పుడు నన్ను ఏమడిగావో నువ్వు చెప్పమ్మా.

అతని మొహం నల్లబడిపోయింది, చాలా అన్యాయం చేశారమ్మగారూ అన్నాడు, ఆమె అతని వైపు తిరిగి, ఫోన్ చేశారా, ఏమని, అంది, ఫ్యాను తిరుగుతోంది, పంచాంగం కాగితాలు రెపరెపలాడుతున్నాయి, నేను చెయ్యి పెట్టి నొక్కి పట్టుకున్నాను, కింద ఎవరో హారన్ కొడుతూనే ఉన్నారు, ఎంతసేపటికో, భయమేస్తోందే, అన్నాడు, నువ్వు లేకపోతే పిల్లలకి జడ వేయడం కూడా రాదు నాకు, అన్నాడు, అంత పెద్ద మనిషి, ఊళ్ళోవాళ్ళ కళ్ళన్నీ పరీక్ష చేసే మనిషి, ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని, జడ నేర్పిస్తాలెండి, ఇంకా నాలుగు వారాలుంది కదా, అంది, ఆ తరవాత మెల్లగా, నాకు మాత్రం భయం లేదనుకున్నారా, రోజూ తలుచుకుంటున్నాను, కానీ వాడు మిషన్ మీద పడుకుని నన్ను చూసి జోకులేస్తుంటే నేను నవ్వలేకపోతున్నానండీ, అంది, అతను తలవంచుకుని, నన్ను అడగలేదేం, అన్నాడు, అడిగితే వద్దంటారని, అంది, వద్దనే అనేవాణ్ణి, అన్నాడు, ఇద్దరూ ఒకేసారి నవ్వారు, ఏడ్చారు, నేను మంచినీళ్ళు తెస్తానని వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడుస్తూ నిలబడ్డాను, గ్లాసు నిండి పొర్లిపోతున్నా ఆపలేదు, ఎందుకంత దుఃఖం వచ్చిందో ఆ రోజు నాకు అర్థం కాలేదు, ఆ తరవాత అతను కళ్ళ పరీక్ష చీటీల వెనక ప్రశ్నలు రాసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళాడట, పంతొమ్మిది ప్రశ్నలు, ఒక కిడ్నీతో ఎన్నాళ్ళు బతుకుతారు అన్న దగ్గర్నుంచి మత్తులో ఉన్నప్పుడు కలలొస్తాయా అన్నదాకా, డాక్టర్ అన్నిటికీ ఓపిగ్గా చెప్పిందట, కాగితాల మీద తన సంతకం తానే పెట్టి వచ్చాడు.

పదకొండున్నర, నర్సు ఒకామె ట్రే పట్టుకుని గబగబా వెళ్ళింది, మా వైపు చూడలేదు, అతని మోకాలు ఆగిపోయింది, ఊపడమే నయమనిపించింది, పన్నెండు దగ్గర పడుతోంది, తలుపు తెరుచుకుని చెడ్డమాట వస్తే ఇతను నన్ను తిడతాడు, తిట్టనీ, ఊరంతా అంటుంది, ఎనిమిదో ఇంట్లో శని ఉన్నాడని తెలిసి కూడా పంపింది, ఇదేం విద్య, అని, గడప తొక్కడం మానేస్తారు, మానేయనీ, మంచి జరిగితే నా గొప్ప కాదు, చెడు జరిగితే మాత్రం నా తప్పంటారు, ఇది తెలిసే కూర్చున్నాను, ఇప్పుడే తేల్చుకోవాలి, ఆ తలుపు తెరుచుకోకముందే తేల్చుకోవాలి, తరవాత తేల్చుకుంటే అది ఫలితం చూసి మాట మార్చుకోవడం అవుతుంది, లోపలినుంచి ఏ కబురైనా రానీ, రేపు ఇంకో ఇద్దరు వచ్చి ఇలాగే అడిగితే నేను ఇదే చేస్తాను, శని ఎక్కడున్నాడో చెబుతాను, ఒక్క అడుగు అటూ ఇటూ జరపను, భయపడుతున్నవాళ్ళని పిలిచి బల్లకి ఎదురుగా కూర్చోబెడతాను, అంతే, అనుకుని కొంగు సర్దుకుని ఆ తలుపు వైపు తిరిగి కూర్చున్నాను.

పన్నెండూ పావుకి తలుపు తెరుచుకుంది, డాక్టరమ్మ మాస్కు కిందికి లాగుతూ వచ్చింది, ఆవిడ మొహంలో ఏముందో చదవడానికి నాకు ఏ పుస్తకమూ అక్కరకు రాలేదు, మీ ఆవిడ బాగుంది, మెలకువ వచ్చింది, మొదటి మాటే పిల్లలు తిన్నారా అంది, మీ బావగారికి కిడ్నీ పెట్టి రక్తం వదిలిన ఐదు నిమిషాల్లోనే మూత్రం వచ్చింది, మాకు ఇంతకంటే మంచి కబురు ఉండదు, ఇంకా వారం రోజులు కనిపెట్టుకుని ఉండాలి, అంది, కళ్ళజోళ్ళతను లేవబోయి లేవలేక మళ్ళీ కూర్చున్నాడు, వరుస మొత్తం ఒక్కసారి ఊగింది, మూత్రం వచ్చిందటమ్మగారూ, మూత్రం వచ్చిందట, అంటూ నా రెండు చేతులూ పట్టుకున్నాడు, ఎదుటి వరుసలో ఎవరో ముసలాయన ఇదేం సంబరం అన్నట్టు చూశాడు, కాసేపటికి కళ్ళు తుడుచుకుని, శని ఇంకా అక్కడే ఉన్నాడా అమ్మగారూ, అని అడిగాడు, అక్కడే ఉన్నాడు బాబూ, ఇంకా ఏడాదిన్నర ఉంటాడు, అన్నాను, ఉండనివ్వండి, అని భార్యను చూడటానికి నర్సు వెంట వెళ్ళిపోయాడు, వెళుతూ వెళుతూ నడక మరిచిపోయి పరిగెత్తాడు, నర్సు మెల్లగా మెల్లగా అంటూ వెనకాల, వరసలో నేనొక్కదాన్నే మిగిలాను, భయమేస్తోందే అన్న అతని మాట చెవిలో తిరుగుతూనే ఉంది, అప్పుడు తెలిసింది, ఆ రోజు వంటింట్లో కుళాయి దగ్గర నేను ఎందుకు ఏడ్చానో, నాన్న అబద్ధమాడాడని కాదు, ఉద్యోగం పోయిందని కూడా కాదు, ఆ కంచం ముందు ఆయన తలెత్తి, మీ అమ్మ లేదు, నువ్వూ వెళ్ళిపోతే ఈ ఇంట్లో ఒక్కణ్ణీ ఉండలేనమ్మా, భయమేస్తోంది, అని ఒక్క మాట అంటే చాలు, నేను ఉండిపోయేదాన్ని, శని పదకొండులో ఉన్నా ఉండిపోయేదాన్ని, అదే ఇల్లు, అవే ఏడున్నరేళ్ళు, అదే బల్ల, కాకపోతే ఎవరో ఆపితే ఆగిపోయినదాన్ని కాదు, నాన్న కోసం నాకు నేనుగా ఉండిపోయినదాన్ని అయ్యేదాన్ని.