రామేశ్వరమ్మ కూర్చున్న చోటు

రోజూ పొద్దున ఎనిమిదింటికి సుంకన్న నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీకి పోయేవాడు. మిషన్ల రొదలో నోటిమాట దండగ. బండ తిప్పాలన్నా, అన్నం తిన్నావా అని అడగాలన్నా అక్కడ చేతులతోనే. సాయంత్రం వచ్చి వసారాలో మంచం వేసుకునేవాడు. భార్య రామేశ్వరమ్మ లోపల పడుకునేది.

చిన్నారి కూతురు శివలీల చనిపోయినప్పటి నుంచి రామేశ్వరమ్మ కూర్చున్న చోట, రెండు బారల లోపల, ఒకరి మాట ఇంకొకరికి అందదు. పెదాలు కదులుతాయి, అంతే. బేతంచెర్లలో అందరికీ అది అలవాటే. రేషన్ దగ్గర గొడవైతే ఆమెను నడుమ కూర్చోబెట్టేవాళ్లు, పెళ్లిళ్లకు మాత్రం పిలిచేవాళ్లు కాదు. ఆమె బాధపడినట్టూ కనిపించేది కాదు. పన్నెండేళ్లుగా మొగుడూ పెళ్లాలిద్దరూ మొద్దుబారిపోయి బతుకుతున్నారు.

షుగరుకు సుంకన్న పాదం కూడా మొద్దుబారింది. రాతి పెచ్చు దిగినా అతనికి తెలియలేదు. దుప్పటి మీద చీము చూసి రామేశ్వరమ్మే కర్నూలు ఆసుపత్రికి తీసుకొచ్చింది. ఆమె పక్కనుంటే డాక్టరు చెప్పేది నర్సులకు వినపడదని బయట వరండాలో కూర్చోబెట్టారు.

మందులు మూడు మార్చినా పుండు లొంగలేదు.

"సోమవారం కాలు తీసేయాలి," అన్నాడు డాక్టరు. "ఈ క్రిములు ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. తగినన్ని చేరామని తెలిశాకే కలిసి మీద పడతాయి. కబురు అందకపోతే ఎక్కడివక్కడ ఊరికే ఉంటాయి, మన ఒళ్లే వాటిని ఊడ్చేస్తుంది. ఆ కబురు ఆపే మందు ఇంకా పరిశోధనలోనే ఉంది."

కట్టు కడుతున్న నర్సు ఫిరోజా చేయి ఆగింది. ఆమెదీ బేతంచెర్లే.

"సుంకన్నా, మీ ఇంటామె యాడుండాది?"

"బయట కూర్చోనుండాది."

"పిలుచుకొస్తా. నీ కాళ్ల కాడ్నే కూర్చోనీ."

డాక్టరు వద్దనలేదు, మంచాన్ని మూలకు జరిపించాడు. నాలుగు రోజులు రామేశ్వరమ్మ అక్కడినుంచి దాదాపు కదల్లేదు. సోమవారం డాక్టరు కట్టు విప్పాడు. చీము లేదు, అంచున ఎర్రగా కొత్త కండ. ఆయన ఏదో అన్నాడు గానీ ఎవరికీ వినపడలేదు. కాగితం మీద ఆపరేషన్ కొట్టేసి వెళ్లిపోయాడు.

రామేశ్వరమ్మ సుంకన్న పాదం మీద చేయి వేసింది. అతనికి తెలియలేదు. అప్పుడామె వేళ్లు ముడిచి రెండుసార్లు నోటి వైపు చూపించింది. తిన్నావా అని ఫ్యాక్టరీ సైగ. క్యారియర్ తెచ్చే రోజుల్లో గేటు దగ్గర నిలబడి నేర్చుకుంది.

సుంకన్నకు శానా సిగ్గేసింది. ఇన్నేళ్లలో ఇంట్లో ఆమెతో ఒక్కసారీ చేతులతో మాట్లాడలేదు. లేదని తల ఊపి, మంచం పక్కన గాలిలో అరచేతిని చాపాడు. శివలీల అంత ఎత్తు.

రామేశ్వరమ్మ ఆ చేతిని పట్టుకుని, బెత్తెడు పైకి జరిపింది.