మనసులో తీసేసిన ఐదు

స్టూడియోలో ఆమెను అందరూ చప్పట్లక్క అనేవాళ్లు. పొద్దున్నే ఒక్కో కెమెరా ముందు నిలబడి చేతులు చరిచేది. టీవీలో చేతులు కలిసిన క్షణానికే చప్పుడు వినబడేదాకా మీట తిప్పేది. బొమ్మ నాలుగు యంత్రాలు దాటి రావాలి కాబట్టి ఆలస్యమవుతుంది. మాట మాత్రం ముందే పరిగెత్తుకొస్తుంది. ఆ మాటను ఏ కెమెరాకు ఎన్ని ఫ్రేములు ఆపాలో పదేళ్లుగా ఒక నోటుపుస్తకంలో రాసుకుంది. ఇరవై ఐదు ఫ్రేములు కలిస్తే ఒక సెకను.

ఆ పుస్తకాన్ని మరిది ఎత్తుకుపోయాడు. యజమాని కాళ్లూ చేతులూ పట్టుకుని అతనికి అక్కడ ఉద్యోగం వేయించింది ఆమే. అంకెలన్నీ శుభ్రంగా టైపు చేయించి, అట్ట మీద తన పేరు వేసుకుని, యజమాని ముందు పెట్టి చీఫ్ అయిపోయాడు. వారం తిరక్కుండానే వదినను వైర్లు చుట్టే గదికి పంపాడు. ఇంటికెళ్లి చెబితే మొగుడు, మనవాడేగా, పోనిద్దూ అన్నాడు. ఆమె పోనివ్వలేదు. అలాగని నోరూ విప్పలేదు.

ఎందుకంటే పుస్తకంలోకి ఎక్కని సంగతి ఒకటుంది. కంట్రోల్ రూము గోడకున్న పాత టీవీలో బొమ్మ తనంతట తానే ఇంకో ఐదు ఫ్రేములు వెనక. ఇళ్లలో టీవీలకు ఆ జబ్బు లేదు. దాన్ని చూసే అంకె రాసుకునేది గానీ, చివరికి మీట పెట్టేటప్పుడు మనసులో ఐదు తీసేసేది. చేతికి అలవాటైన పనిని ఎవరు రాసుకుంటారు?

కొన్నాళ్లు ఆమె పెట్టి వెళ్లిన అంకెల మీదే బండి నడిచింది. కొత్తగా గెలిచిన నాయకుడి తొలి ప్రసంగం రోజున మరిది తన పట్టికను యంత్రంలోకి ఎక్కించాడు. ఊరందరి ఇళ్లలో నాయకుడు నోరు మూశాక మాట వచ్చింది. ఫోన్లు మొదలయ్యాయి. మరిది గోడ టీవీ చూశాడు. అందులో అంతా దివ్యంగా ఉంది. లోపం మీ టీవీలదేనని అందరికీ బుకాయించాడు. చివరికి ఇంటి నుంచి యజమానే ఫోన్ చేశాడు, నా టీవీ కూడా పాడైందా అని.

చప్పట్లక్క భుజాన వైరు చుట్టతో వచ్చి తలుపుకు ఆనుకుంది. మరిది రిసీవరు చేత్తో మూసి, లోగొంతుకతో అడిగాడు.

"ఏంటిది వదినా?"

"నన్నడుగుతావేంటి? అట్ట మీద పేరు నీదేగా."

"ఎత్తిపొడుపులకు ఇదా సమయం? అయ్యగారు లైన్లో ఉన్నారు."

"మరీ మంచిది. ఆ లెక్కలు ఎవరివో ఆయనకే చెప్పు. నాకు వినబడేలా చెప్పు."

అతను మీటలన్నీ కెలికాడు, చెమట తుడుచుకున్నాడు, ఇంకో పదకొండు నిమిషాలు బిగబట్టాడు. అవతల నాయకుడి పెదాలు ఒకదారి, మాటలు ఒకదారి పోతూనే ఉన్నాయి. ఆఖరికి ఫోన్లో యజమానికి చెప్పాడు. పుస్తకం వదినదని, అడక్కుండా తీసుకున్నానని.

ఆమె వైరు చుట్ట దించి మీట దగ్గరకొచ్చింది.

"ముందే ఒక్క మాట చెప్పుండొచ్చుగా వదినా, సొంత మరిదిని."

"పుస్తకం తీసేటప్పుడు ఒక్క మాట అడిగుంటే, మొదట చెప్పేది అదే."

అంటూనే, ఎంత తిప్పుతోందో అతనికి కనబడకుండా భుజం అడ్డం పెట్టుకుంది.