పలక మీద మచ్చ

"ఇంకా కడగడం అవలేదా?" అని హాల్లోంచి మా ఆయన కేక. కడగడమట! ఇంటి వెనక రేకుల గదిలో అల్యూమినియం పలకల్ని ముందు సబ్బునీళ్ళతో తోమాలి, కాస్టిక్ సోడాలో ముంచాలి, పైన తేలిన నల్లటి మసిని యాసిడ్‌తో వదిలించాలి. మధ్యమధ్యలో ప్రతిసారీ మంచినీళ్ళతో కడగాలి. ఆఖరున నీళ్ళు పోస్తే పలకంతా ఒకే పొరలా పరుచుకోవాలి. చుక్కలుగా విడిపోయాయంటే ఇంకా జిడ్డు ఉన్నట్టే. ఆపైన కరెంటు పారే యాసిడ్ తొట్టిలో పెట్టి రంగు ఎక్కించేది ఆయన. పేరొచ్చేదీ ఆయనకే.

ఆ రంగులోనే తరచూ మచ్చలు తేలుతున్నాయి. కొన్నవాళ్ళు తిప్పి పంపుతున్నారు. "చేతులు శుభ్రంగా ఉంచుకోవడం కూడా నేర్పాలా?" అన్నాడాయన నలుగురి ముందూ. "పరధ్యానం మనిషి, పాపం" అని అత్తయ్య నన్ను వెనకేసుకొచ్చినట్టే వచ్చి చురక అంటించింది. నేనూ నమ్మేశాను. రబ్బరు గ్లవ్స్ వేసుకునే చేస్తున్నా, నా చేతుల మీద నాకే అనుమానం పట్టుకుంది. కూర కలుపుతూ కూడా వేళ్ళు వాసన చూసుకునేదాన్ని. ఇంకొక్క మచ్చ వస్తే ఈ పని బయటివాళ్ళకి ఇచ్చేస్తానన్నాడు. ఈ ఇంట్లో నేను ఇష్టపడి చేసే పని ఇదొక్కటే.

కడగడం పూర్తయ్యే వేళకి రోజూ వంటింట్లోంచి అత్తయ్య పిలుస్తుంది, నేను పరుగెత్తుతాను. ఇవాళ ఆవిడ కూతురింటికి వెళ్ళింది. పిలిచేవాళ్ళు లేక తలుపు పక్కన స్టూలు మీద కూలబడ్డాను. అప్పుడే ఆయన వచ్చాడు. నూనె రాసిన జుట్టు చేత్తో సర్దుకుని, అదే చేత్తో తడి పలకొకటి తీసి, వెలుతురుకి పెట్టి, మురిసిపోతూ బొటనవేలితో నిమిరాడు.

"ఆగాగు" అంటూ లేచి ఆ పలక మీద నీళ్ళు పోశాను. నీళ్ళు అంతటా పరుచుకున్నాయి, ఆయన వేలు నడిచిన చోట తప్ప. అక్కడ చుక్కలు చుక్కలుగా నిలబడ్డాయి.

"నా చెయ్యి శుభ్రంగానే ఉందే! ఎప్పుడూ ఇలాగే చూస్తాను కదా" అన్నాడు.

"ఎప్పుడూనా?"

ఆయన తన బొటనవేలు చూసుకున్నాడు. న్యాయంగా నాకు కోపం రావాలి. ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపు. గుండెల మీంచి బరువు దిగిపోయింది. నేను కాదు. ఇన్నాళ్ళూ నేను కాదు.

"సరేలే, మళ్ళీ కడిగెయ్" అన్నాడు గొంతు తగ్గించి.

గ్లవ్స్ విప్పి ఆయన చేతిలో పెట్టాను.

"నువ్వే కడుగు. శుభ్రమైందో లేదో నేను చూసి చెప్తాను. రేపట్నుంచి ఈ గదిలోకి నన్నడిగి రా."