ఫ్రెడ్డీ పేరు మీద

"నీకేం మే, నీడపట్టున కూర్చోనుంటావు" అన్నాడు ఆనందబాబు పెరుగన్నం కలుపుకుంటూ. కోపంగా ఏమీ అనలేదు. ఎండలో రొయ్యల గుంటల గట్ల మీద తిరిగొచ్చిన మనిషి ఫ్యాను కింద ఉన్న పెళ్లాన్ని చూసి మామూలుగా అనే మాటే అన్నాడు. నవోమి అతని కంచంలో ఇంకాస్త పెరుగు వేసి ఊరుకుంది. ఆ పొద్దున మూడో గుంటలో ఏరేటరు ఆగిపోయింది. ఆ చక్రాలు నీళ్లు చిలక్కపోతే రొయ్యలకు ఊపిరాడదు, పంటంతా తెల్లగా పైకి తేలుతుంది. కెమెరాలో అది చూసి కాపలా ఓబయ్యకు ఫోను చేసి పరుగెత్తించింది నవోమే. ఇందాక గుంటల భాగస్వామితో ఫోనులో "టయానికి నేను చూసినా గాబట్టి బతికిపోయినాం" అన్నాడు ఆనందబాబు. వంటింట్లో గిన్నె కడుగుతున్న నవోమికి ఆ మాట స్పష్టంగా వినిపించింది. అతను అబద్ధం ఆడుతున్నాననుకోలేదు, అదే ఆమెకు ఎక్కువ మండింది. ఆ ఇంట్లో ఎవరు చూసినా అతను చూసినట్టే.

ఆనందబాబు చెడ్డవాడేం కాదు. తాగడు, కొట్టడు. కోట ఊళ్లో ఎవరినడిగినా అతని గురించి ముందు ఆ రెండు మాటలే చెబుతారు, అవేవో పెద్ద చదువులైనట్టు. గుంటల మీద కెమెరాలు పెట్టించినప్పుడు నెల్లూరు షాపువాడు, అన్ని కెమెరాలు ఒక్కసారే ఆడాలంటే పెద్ద మెషీను కావాలన్నా అని నమ్మించి, గేములాడే కుర్రకారు కొనుక్కునే కంప్యూటరును అతనికి అంటగట్టాడు. మౌసు పట్టుకోవడం రాక విసుగొచ్చి, "నువ్వు డిగ్రీ చదివినావు గదా, నువ్వే చూసుకో" అన్నాడు ఆనందబాబు. ఆ ఒక్క మాటతో గుంటల కాపలా, మేత ఆర్డర్లు, ఆక్సిజన్ రీడింగులు అన్నీ ఆమె నెత్తిన పడ్డాయి. వంట, ఇల్లు, అత్త రాహేలమ్మ మందులు ఎటూ ఉండనే ఉన్నాయి. వీటికి జీతం ఎవరూ ఇవ్వరు సరే, పని అని పేరు పెట్టినవాళ్లు కూడా లేరు. చర్చిలో పాస్టరమ్మ "కోడలేం చేస్తుంటుందమ్మా" అని అడిగితే రాహేలమ్మ, "ఏం చేస్తాది, ఇంట్లోనే ఉంటాది" అన్నది. పక్కనే నిలబడి ఉన్న నవోమి నవ్వింది. అలా నవ్వడం ఆమెకు బాగా అలవాటు.

నెల్లూరులో పుట్టింట్లో ఉన్నప్పుడు, తమ్ముడు ఫ్రెడ్డీకి నాన్న కొనిచ్చిన వీడియోగేము కన్సోలు మీద తమ్ముడికన్నా ఆమే బాగా ఆడేది. తుపాకుల ఆటలంటే ప్రాణం. నాన్న గదిలోకి వస్తున్న చప్పుడైతే రిమోటు తమ్ముడి ఒళ్లో పడేసి పుస్తకం అందుకునేది. పెళ్లయ్యాక ఫ్రెడ్డీయే ఆ కన్సోలు తెచ్చి ఇచ్చి, "ఇది నా పేరు మీద కొన్నారే గానీ ఎప్పుడూ నీదేగా అక్కా" అన్నాడు. కోటలో టీవీ అత్తగారి సీరియళ్లది. కన్సోలు బీరువా మీద అట్టపెట్టెలోనే ఉండిపోయింది. కంప్యూటరు వచ్చాక ఒక మధ్యాహ్నం, అత్త నిద్రపోతుంటే, తెరలో ఒక పక్కన కెమెరాలు పెట్టుకుని, ఇంటర్నెట్టులో ఐదుగురు ఐదుగురు జట్లుగా ఆడే తుపాకుల ఆట ఒకటి దించుకుంది. డబ్బు కట్టక్కర్లేని ఆట.

ఆడటం వచ్చుననుకుంది. రాదని మొదటి ఆటలోనే తేలిపోయింది. కన్సోలు రిమోటు రెండు చేతుల్లో ఒదిగిపోతుంది, రెండు బొటనవేళ్లతో లోకమంతా తిరగొచ్చు. ఇక్కడ ఎడమచేయి నాలుగు మీటల మీద నడవాలి, కుడిచేయి మౌసుతో చూడాలి, రెండూ ఒకదాని మాట ఒకటి వినవు. గోడకు మొహం పెట్టుకుని నిలబడిపోయింది. తుపాకీ నింపబోయి వేలు పక్క మీట మీద పడి కాళ్ల దగ్గరే బాంబు వేసుకుంది. గురి కాస్త అటూ ఇటూ అయితే కన్సోలులో ఆటే దయతలచి శత్రువు మీదికి లాగేది, ఇక్కడ ఆ దయ లేదు. పైగా అవతల ఉన్నది నిజం మనుషులు. కొన్నాళ్లకు ఒకటి తెలుసుకుంది. మౌసు వేగం బాగా తగ్గించుకుని, మణికట్టుతో కాకుండా మోచేత్తో తిప్పాలి. బల్ల మీది మేత కంపెనీ క్యాలెండరూ పూల కూజా తీసేసి చోటు చేసుకుంది. సాయంత్రాలు భుజం లాగేది. "చెయ్యేమైంది మే?" అని అత్త అడిగితే, "పిండి రుబ్బినా గదత్తా" అని చెప్పింది.

ఆటలో ఆమె పేరు ఫ్రెడ్డీ. నోరు తెరవదు, రాసి చెబుతుంది, మైకు లేదంటుంది. అలా ఆడుతూ ఆడుతూ చిల్లకూరు పెంచలకృష్ణ జట్టులో కలిసింది. కాలేజీ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటున్న కుర్రాడు. "ఫ్రెడ్డీ అన్నా, నువ్వు కాపు కాస్తే ఒక్కడూ దూరలేడన్నా" అనేవాడు. వాళ్ల జట్టులో ఒక కట్టుబాటు ఉంది. నలుగురూ చనిపోయి ఒక్కరే మిగిలితే, చనిపోయినవాళ్లు నోరు మూసుకోవాలి. మిగిలినవాడికి శత్రువు అడుగుల చప్పుడు వినిపించాలి గదా. మొదటిసారి నవోమి ఒక్కతే మిగిలినప్పుడు, అప్పటిదాకా అరుస్తున్న నలుగురూ ఒక్కసారిగా ఆగిపోయారు. ఆ నిశ్శబ్దంలో ఆమె వేళ్లు కదల్లేదు. తను వినాలని నలుగురు మనుషులు మాట ఆపడం ఆమె బతుకులో అదే మొదలు. ఆ ఆట ఓడిపోయింది. ఆ తర్వాత చాలాసేపు కళ్లు తుడుచుకుంటూ కూర్చుంది.

తర్వాత పోటీ వచ్చింది. ఆదివారం సాయంత్రం, గూడూరు వాళ్ల జట్టుతో. పెద్ద పోటీ ఏమీ కాదు, నలుగురూ చూసే పోటీ. ఆమెకు అందులో ఆడాలని ఎంత కోరిక పుట్టిందంటే, పెళ్లయ్యాక ఏ చీర మీదా ఏ నగ మీదా అంత పుట్టలేదు. "పోటీలో రాసుకుంటా కూర్చుంటే కుదరదన్నా, మైకు ఉండాల" అన్నాడు పెంచలకృష్ణ. బీరువా మీది అట్టపెట్టెలోంచి కన్సోలుతో వచ్చిన హెడ్‌ఫోను తీసి తగిలించుకుంది. ఆ రోజు ప్రాక్టీసు ఆటలో గొంతు సవరించుకుని, "ఎడమ పక్క ఇద్దరున్నారు" అంది.

 అవతల వినోద్ అనే కుర్రాడు పకపకా నవ్వి, "అక్కా, ఫ్రెడ్డీ అన్నని పిలువు. ఆయన ఐడీతో నువ్వు ఆడతా ఉండావా?" అన్నాడు.

"నేనే ఫ్రెడ్డీని" అంది నవోమి.

ఆట ముగిశాక పెంచలకృష్ణ ఎంతో మర్యాదగా మాట్లాడాడు. అంతకుముందు ఏకవచనంలో అన్నా అన్నవాడు ఇప్పుడు మీరు అన్నాడు. "తప్పుగా అనుకోబాకండి అక్కా. అవతలోళ్లు ఆడగొంతు వింటే ఇష్టమొచ్చినట్టు కూస్తారు. మీకెందుకా తలనొప్పి. ఆదివారం మీరు రిజర్వులో ఉండండి, ఎవురన్నా రాకపోతే పిలుస్తా."

సరే అంది. ఆమెకు డిగ్రీ కాలేజీలో ఉద్యోగం వచ్చినప్పుడు ఆనందబాబు కూడా ఇలాగే అన్నాడు. బస్సుల్లో పడి పోవడం నీకెందుకా తలనొప్పి. ఆమె తలను ఎంతమంది కాపాడుతున్నారో! నిన్నటిదాకా ఒక్కడూ దూరలేడన్న ఆ చేతులే గదా ఇవి, గొంతు తెలిసినంత మాత్రాన గురి తప్పాయా అని ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. తిట్టి బయటికి పోదామనుకుంది. పోతే ఆదివారం వాళ్లు ఆడతారు, తను అంట్లు తోముకుంటుంది. అందుకని ఉండిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం వినోద్ వాళ్లింట్లో కరెంటు పోయింది. "రండక్కా, ప్రాక్టీసే గదా" అని పిలిచాడు పెంచలకృష్ణ. నవోమి ఈసారి గొంతు దాచలేదు. ఎటు నుంచి వస్తున్నారో, ఎవరు ఎక్కడ ఆగాలో ఉన్నదున్నట్టు చెప్పింది. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు, ఒక రౌండు ఓడారు. తర్వాత ఆమె చెప్పినచోట నిలబడ్డారు, వరసగా మూడు గెలిచారు. ఆఖరి రౌండుకు నలుగురూ పడిపోయి ఆమె ఒక్కతే మిగిలింది. అవతల ఇద్దరు. హెడ్‌ఫోనులో మాటలు ఆగిపోయాయి. ఆటలో ఎక్కడో ఇసుక మీద అడుగు పడింది.

అప్పుడే గేటు చప్పుడైంది. ఆనందబాబు, వెనకే రొయ్యలు కొనడానికి వచ్చిన వ్యాపారులు ఇద్దరు. నవోమి పాత అలవాటు కొద్దీ హెడ్‌ఫోను తీగ మీది మీట నొక్కి మైకు కట్టేశాననుకుంది. కన్సోలుకైతే సరిపోయేది. ఈ కంప్యూటరు మొదటినుంచీ వింటున్నది ఆ మైకును కాదు, షాపువాడు తెర మీద బిగించిన చిన్న కెమెరాలోని మైకును. అది గది మొత్తాన్ని వింటుంది. ఆ సంగతి ఆమెకు తెలియదు.

"టీ పెట్టు మే, అందరికీ" అన్నాడు ఆనందబాబు.

ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించింది. తెర మీంచి కళ్లు తిప్పలేదు.

"ఏంది, వేలు చూపిస్తా ఉండావు? సార్ వాళ్లు వచ్చుంటే!" అని, వాళ్ల వైపు తిరిగి నవ్వాడు. "చూసినారా సార్, గుంటలు చూడమని కంప్యూటరు కొనిస్తే మా ఆమె బొమ్మలాట ఆడుకుంటా ఉండాది. పనేముండాది పాపం. పిల్లలా జెల్లలా, పొద్దుపోవద్దూ?"

వ్యాపారులు నవ్వారు. ఆ నవ్వులో అడుగుల చప్పుడు కలిసిపోయింది. వెనకనుంచి గుండు తగిలి తెర ఎర్రబడింది. నవోమి చేతులు మౌసు మీదే ఉన్నాయి. పిల్లల కోసం ఇద్దరూ నెల్లూరు డాక్టరు దగ్గరికి పోయి వచ్చారు. లోపం ఎవరిదో ఇద్దరికీ తెలుసు. బయటికి పొక్కకుండా, అత్త దెప్పుళ్లూ చర్చిలో ప్రార్థనలూ అన్నీ తన తల మీదే వేసుకుని ఇన్నాళ్లూ దాచింది ఆమె. ఆ మనిషే ఇప్పుడు పరాయివాళ్ల ముందు దాన్నే నవ్వులాటగా వాడుకున్నాడు.

"అక్కా" అన్నాడు పెంచలకృష్ణ హెడ్‌ఫోనులో. ఓడినందుకేదో అంటాడనుకుంది. "మీ కెమెరా మైకు ఆన్‌లోనే ఉండాది. మాకంతా వినపడింది." అని, మెల్లగా అడిగాడు. "రోజూ ఇట్టాగేనా అక్కా?"

ఆమెకు ఒళ్లంతా సిగ్గుతో కాలిపోయింది. ఈ ప్రశ్నకు జవాబులు ఆమె నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఆయన మనసు మంచిది. అలిసిపోయి వచ్చారు. ఊరికే, తమాషాకి అన్నారు. అమ్మకు అవే చెప్పింది, ఫ్రెడ్డీకి అవే చెప్పింది, రాత్రిళ్లు తనకు తాను కూడా అవే చెప్పుకుంది. ఇప్పుడు కూడా నోరు తెరిచింది ఆ మాట అనడానికే. కానీ అవతల వింటున్నవాళ్లు ఆ మాటలు అంతకుముందే చెవులారా విన్నారు. వాళ్లకు అబద్ధం చెప్పి దాచడానికి ఇంకేం మిగల్లేదు. ఇన్నేళ్లుగా ఆ మనిషిని మంచివాడిగా నిలబెట్టే పని కూడా తనే చేస్తోందని ఆమెకు అప్పుడు తెలిసింది. అన్నిటికన్నా బరువైన చాకిరీ అదే.

"రోజూ ఇట్టాగే" అంది నవోమి. గొంతు తగ్గించలేదు. "మా ఆయనే. ఇక్కడే నిలబడి ఉండారు."

గదిలో నవ్వు ఆగిపోయింది. వ్యాపారుల్లో పెద్దాయన తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"ఆదివారం మీరే ఆడాల అక్కా" అన్నాడు పెంచలకృష్ణ, మెత్తగా.

"జాలిపడి ఇస్తే నాకొద్దు కృష్ణా. ఇందాక మూడు రౌండ్లు నా మాట విని గెలిచినారు. అందుకైతే ఇయ్యి."

 "అందుకే అక్కా" అన్నాడు పెంచలకృష్ణ. ఈసారి మెత్తదనం లేదు, కొంచెం సిగ్గుపడ్డ గొంతు. "ఫ్రెడ్డీ అని రాయనా?"

"నవోమి అని రాయి."

ఆనందబాబు దగ్గరికి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. అంత నెమ్మదిగా అతను ఆమెతో మాట్లాడి చాలా కాలమైంది. "ఎవురు నవోమీ వాళ్లు? మన ఊరోళ్లా? ఎంతమంది విన్నారు?"

నవోమి కుర్చీ అతని వైపు తిప్పి తలెత్తి చూసింది. అతను భయపడుతున్నాడు. ఆ భయం చూస్తే ఒక్క క్షణం ఆమెకు జాలి కూడా వేసింది. అతను ఇంకేమైనా అంటాడేమోనని ఎదురుచూసింది. అతను మళ్లీ అదే అడిగాడు.

"ఎవురు విన్నారని అడగతా ఉండారు" అంది నవోమి. "నేను విన్నానని మీకు తెలీదా?"

 నవోమి కుర్చీ మళ్లీ తెర వైపు తిప్పుకుంది. మైకు ఎక్కడ ఆపాలో ఇప్పుడు ఆమెకు తెలుసు. ఆపలేదు.