వెనక తలుపు తాళంచెవి

నేను ఒక ఇనుప తాళంచెవిని. స్వీడన్‌లో సముద్రపు ఒడ్డునున్న చిన్న ఊళ్లో పుట్టాను. ఆడపిల్లల బడికి, అందులోనూ వెనక తలుపుకి, నగిషీలెందుకని కమ్మరి నాలుగు దెబ్బలు వేసి నీళ్లలో ముంచేశాడు. అంతే నా పుట్టుక.

ఆ బడి సిగ్రిడ్ హెల్మ్‌క్విస్ట్‌ది. పెట్టిందీ ఆవిడే, ప్రధానోపాధ్యాయురాలూ ఆవిడే. ఆడపిల్లలకు కుట్లూ అల్లికలూ చాలనే ఊళ్లో లెక్కలూ లాటినూ చెప్పించింది. పట్టుదల మనిషి. మొండి మనిషని కూడా అంటాను. పదిహేడేళ్లు ఆవిడ తాళాల గుత్తిలో ఉన్నదాన్ని, ఆ మాత్రం చనువు నాకుంది.

ఆ దేశంలో ఒక ఆచారం ఉండేది. చదువు ముగిసే రోజున పైఊళ్ల నుంచి పరీక్షాధికారులు వచ్చి పిల్లల్ని నోటితోనే ప్రశ్నలడిగి, సాయంత్రానికి ఫలితం చెప్పేవారు. నెగ్గినవాళ్లు తెల్ల టోపీలు పెట్టుకుని ముందు తలుపులోంచి వస్తారు; ఊరంతా పూలు పట్టుకుని నిలబడుతుంది. తప్పినవాళ్లు వెనక తలుపులోంచి జారుకుంటారు. మా పిల్లలు అంతవరకూ మగపిల్లల బడికి వెళ్లి ఆ పరీక్షకు కూర్చునేవారు. మా బడిలోనే జరపనిచ్చిన మొదటి ఏడాది అది. కూర్చున్నది ఏడుగురు. ఒక్కరు తప్పినా ఆ అనుమతి నిలుస్తుందన్న నమ్మకం లేదు.

ఆ పొద్దున సిగ్రిడ్ వెనక తలుపుకి తాళం వేసి, నన్ను గుత్తిలోంచి తీసి జేబులో వేసుకుంది. ఇవాళ దీంతో పనిలేదంది. నాకది నచ్చలేదు. తలుపన్నాక తెరుచుకునే వీలుండాలి. ఇంత చదువుకున్నవాళ్లకు ఆ సంగతి తోచదేమో.

సాయంత్రం ఆరుగురి పేర్లు చదివారు. ఏడో పిల్ల టీరా, చేపలు పట్టేవాళ్ల అమ్మాయి, లెక్కల్లో తప్పింది. ఆ పిల్ల నడవా వెంట పరుగెత్తి వెనక తలుపు లాగింది. అది కదల్లేదు. రెండు చేతులతో బాదడం మొదలుపెట్టింది.

బడి పాలకవర్గం పెద్ద, ఓడల యజమాని, సిగ్రిడ్ పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. బయట పత్రికలవాళ్లున్నారు, జనం వెళ్లేదాకా ఆ పిల్లని మేడమీది గదిలో ఉంచండి, జ్వరమొచ్చి పరీక్షకే కూర్చోలేదని చెబుదాం అన్నాడు. సిగ్రిడ్ జేబులో చెయ్యి పెట్టింది. పిడికిట్లో నన్ను నలిపేస్తోంది. దాచడమెందుకు, ఆవిడ ఒక్క క్షణం ఆ మాట ఆలోచించింది. ఆ చెయ్యి చల్లబడటం నాకు తెలిసింది. ఆవిడ మీద నాకు కోపమొచ్చిన క్షణం అదొక్కటే.

తలుపు మీద మళ్లీ దెబ్బ పడింది. సిగ్రిడ్ గబగబా వెళ్లి నన్ను తాళంలో పెట్టి తిప్పింది.

"ఈ తాళం నీ కోసం వెయ్యలేదమ్మా," అంది. "నా పరువు కోసం వేశాను. తప్పు నాది. వెళ్లు."

తలుపు బార్లా తెరుచుకుంది. అవతల ఖాళీ సందు, చెత్తబుట్ట. టీరా గడప దాకా వెళ్లి ఆగిపోయింది. అటు ముందువైపు జనం కేకలు వినిపిస్తున్నాయి.

"నేను ముందు నుంచి వెళితే బడి మూసేస్తారా, మేడమ్?"

"తెలియదు," అంది సిగ్రిడ్. అబద్ధం చెప్పనందుకు ఆవిణ్ణి మళ్లీ ప్రేమించాను.

"మీరు పక్కనుంటే వస్తాను."

సిగ్రిడ్ నన్ను తాళంలోంచి తీసుకుని, టీరా ఉత్త తల వైపు చూసి, తన నెత్తిమీది టోపీ తీసి కుర్చీ మీద పెట్టింది. ఆ కాలంలో ఆ వయసు ఆడమనిషి టోపీ లేకుండా వీధిలోకి రావడమంటే ఎంత మాటో! ఆరు తెల్ల టోపీల వెనక ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని మెట్లు దిగారు. ఆ రెండు చేతుల మధ్య నేనున్నాను. జనంలోంచి ఎవరో ఒకావిడ ముందుకొచ్చి టీరా మెళ్లో పూలదండ వేసింది.

అనుమతి పోలేదు. మరుసటేడు టీరా టోపీ పెట్టుకుంది. సిగ్రిడ్ నన్ను ఆమెకే ఇచ్చేసింది.

ఇప్పుడు ఆ ఊరి మ్యూజియంలో, అద్దాల పెట్టెలో ఉన్నాను. నా కింద చీటీ మీద 'ఏ తలుపుదో తెలియదు' అని రాశారు. నాకు తెలుసు. ఆ సాయంత్రం ఆ తలుపు తెరిచే ఉంది, అందులోంచి ఎవరూ వెళ్లలేదు.