ఇత్తడి తాంబాళం

జైనూర్ ఉన్నత పాఠశాల పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి నేను వెళ్లింది విద్యార్థుల కోసం కాదు. నేను పాఠాలు చెప్పిన ఆ పదో తరగతిలో నా కూతురు స్వరూప కూడా చదివింది. ఆమె వస్తోందని నా పాత విద్యార్థి సదానందం ఫోన్‌లో చెప్పకపోయి ఉంటే, ఈ వయసులో కరీంనగర్ నుంచి ఆ అడవి దారిన అంత దూరం పోయేవాణ్ని కాదు.

ఆరేళ్లుగా స్వరూప నాతో మాట్లాడలేదు.

ఆమె తల్లి శంకరవ్వ తన దేహాన్ని వైద్య కళాశాలకు ఇస్తానని బతికుండగానే రాసిచ్చింది. నేనూ ఆమె పక్కన కూర్చునే రాసిచ్చాను. ఆమె నా ఒత్తిడికి లొంగిందని బంధువులంటారు. అది వాస్తవం కాదు. మనిషి పోయాక మిగిలేది పదార్థమేనని నిరూపించడానికి నాకు ఒక పీరియడ్ పట్టేది. శంకరవ్వ ఒక్క మాటలో తేల్చింది: "కట్టెల్ల కాలుడెందుకు, పోరగాండ్లను చదువుకోనీ."

ఆమె పోయిన రోజు జడివాన. నిర్మల్‌లో అత్తవారింటి నుంచి బయలుదేరిన స్వరూప బస్సు, వాగు పొంగడంతో దారిలోనే నిలిచిపోయింది. కళాశాల బండి వాకిట్లో ఉంది. కళ్లు తీయడానికి కొన్ని గంటలే గడువుంటుంది. దేహం చెడకుండా సకాలంలో మందు ఎక్కించాలి. బండిని పంపించాను. మా ఇళ్లలో తల్లి గానీ తండ్రి గానీ పోతే ఆఖరి తానానికి మొదటి చెంబు నీళ్లు కూతురే పోస్తుంది. స్వరూప వచ్చేసరికి ఇల్లు కడగడం కూడా అయిపోయింది. తడి నేల మీద నిలబడి ఒకటే అడిగింది.

"నేనిప్పుడు ఎక్కడ కూసోని ఏడ్వాలె?"

ఆమె వెళ్లిపోయింది.

సమ్మేళనం రోజు సదానందం తన కారులో నన్ను తీసుకువెళ్లాడు. మందమర్రిలో బొగ్గు గని ఉద్యోగి. చిన్నప్పుడు వెనక బెంచీ, ఇప్పుడు పూర్వ విద్యార్థుల సంఘానికి అధ్యక్షుడు.

"సార్, జర ఒక మాట. కోపం చేయద్దు," అన్నాడు ఊరు దగ్గరపడుతుండగా. "ఇయ్యాల సార్లందరికీ కాళ్లు కడుగుడు ప్రోగ్రాం పెట్టినం."

"నాకొద్దు."

"గట్లంటరని ఎరుకే. బడిల ఉన్నప్పుడు దండం పెడితేనే బెత్తం తీసిండ్రు. అందరూ కడిగించుకుంటుంటే మీరొక్కలే కాళ్లు ముడుసుకొని కూసుంటే ఏం బాగుంటది?"

"నిన్ను ఆలోచించడం నేర్చుకొమ్మన్న. కడుగుడు కాదు."

"ఆలోచించుడు నేర్చుకున్నోళ్లంత కలెక్టర్లయిండ్రు సార్. కడిగేటోళ్లం మేమే మిగిలినం."

నవ్వాను. తర్వాత అసలు సంగతి అడిగాను. "స్వరూప ఏమన్నా అన్నదా?"

అతడు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "సార్ వస్తుండా అని అడిగింది. వస్తుండన్న. అయితే నేను గూడ వస్త అన్నది."

ఆ మాటను మిగిలిన దారంతా మనసులో తిప్పి తిప్పి చూసుకున్నాను. ఆధారం లేని ఆశను ఇతరుల్లో సహించనివాణ్ని. అయినా ఆమె నోట 'బాపు' అన్న పిలుపు మళ్లీ వింటానా అన్నది తప్ప ఆ రోజు నాకు వేరే ప్రశ్న లేదు.

స్వరూప వరండాలో చాయ్ కప్పులు పేరుస్తోంది. జుట్టు సగం నెరిసింది. నిర్మల్ బొమ్మలకు రంగులు వేసే చేతులు; గోళ్ల మొదట్లో పసుపు రంగు ఇంకా ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"బాగున్నరా సార్?"

తరగతిలో బాపు అనవద్దని, అందరిలాగే సార్ అనాలని చిన్నప్పుడు చెప్పింది నేనే. ఆమె నియమం తప్పలేదు.

"బాగున్న," అన్నాను. ఆమె కప్పు అందించి పక్కవారి వైపు తిరిగింది.

మైకు స్వరూపతో చదివిన రోజారాణి చేతిలో ఉంది. నా వైపు చెయ్యి చూపించింది. "అంకయ్య సార్ నిమ్మకాయ కోస్తే నెత్తురు కారింది యాదున్నదా? మందారపువ్వు రాసిన కత్తి అని చెప్పిండు. గదే అత్తగారింట్ల చేసి చూపిన. గప్పటిసంది మా అత్త ఏ మంత్రగాన్ని నమ్మకపోయె, నన్ను గూడ నమ్మకపోయె." అందరూ నవ్వారు. స్వరూప కూడా నవ్వింది. ఆ నవ్వు శంకరవ్వది.

తర్వాత ఇత్తడి తాంబాళం వచ్చింది. ఒక్కొక్క ఉపాధ్యాయుడి పాదాల మీద పసుపు నీళ్లు చిలకరించి, పూలు వేసి, ఫొటో దిగుతున్నారు. నా వంతు వచ్చేసరికి కాళ్లు కుర్చీ కిందికి లాక్కున్నాను. "సార్‌ను ఎవ్వలన్న ఒప్పించుండ్రి," అంది రోజారాణి మైకులో.

స్వరూప లేచింది. తాంబాళంలోని పసుపు నీళ్లు పారబోసి, చెంబుతో మంచినీళ్లు పట్టుకొచ్చి నా ముందు నేల మీద కూర్చుంది.

"కాళ్లు ఇటు పెట్టుండ్రి సార్."

"నేను కడిగించుకోనని నీకు ఎరుకే గదా."

"ఎరుకే." గొంతు తగ్గించింది. "మీరు గూడ రాసిచ్చిండ్రు గదా, అవ్వతోని. పానం పోతే కాలేజోళ్లకే అని."

"ఇచ్చిన."

"గా దినం గూడ వాన వడచ్చు. బస్సు ఆగచ్చు. మీరు గూడ నాకు అందరు." చెంబులోకి చూస్తూ అంది. "గందుకే ఇయ్యాల పోస్త."

కాళ్లు చాపాను.

హాలంతా చప్పట్లు. "సార్ ఓడిండు, బిడ్డ గెల్చింది," అంటోంది రోజారాణి. స్వరూప చిలకరించలేదు. కదలలేని మనిషికి కడిగినట్టు మడమలు, వేళ్ల సందులు, చీలమండలు చేత్తో రుద్ది కడిగింది. తుడవలేదు. సంచిలోంచి మడత విప్పని తెల్లబట్ట తీసి నా మోకాళ్ల మీది నుంచి పాదాల దాకా కప్పింది. దాని మీద నుదురు ఆనించింది.

"బాపూ," అంది. మళ్లీ, "ఓ బాపూ."

ఆ పిలుపు కోసమే వచ్చాను. అది జవాబు ఆశించే పిలుపు కాదు. శవం దగ్గర ఆడవాళ్లు అలా పిలుస్తారు.

"నేను రాసిచ్చింది వాపస్ తీసుకుంట బిడ్డా," అన్నాను. "నీ చేతులకే ఇయ్యమంట."

ఆమె తలెత్తింది. కళ్లు తుడుచుకోలేదు.

"వద్దు బాపు. అవ్వ ఒక్కతే ఉన్నది గదా ఆడ. ఆమె దగ్గరికే పో."

విద్యార్థుల పాఠం ముగిశాక, మిగిలిన అవశేషాలను కళాశాలవారే దహనం చేస్తారు. శంకరవ్వ అక్కడ లేదు. కొన్నేళ్ల కిందటే లేకుండా పోయింది. ముప్పై ఏళ్లు నా ముందు ఎవరు తప్పు చెప్పినా అక్కడే ఆపి దిద్దినవాణ్ని.

"సరే," అన్నాను.

ఆమె నీళ్లను ఆవరణలో మట్టి మీద పోసింది. కుళాయి దగ్గర తన కాళ్లూ చేతులూ కడుక్కుంది, కాటి నుంచి మళ్లేవాళ్లు కడుక్కున్నట్టు. సంచి భుజాన వేసుకుని గేటు దాటింది. వాళ్లలాగే వెనక్కి చూడలేదు.

"బువ్వ తినకుండనే పాయె," అన్నాడు సదానందం నా చెప్పులు తెచ్చి పెడుతూ. "బాపూ బిడ్డా మాట్లాడుకున్నరు గదా సార్, గదే సాలు. నడువుండ్రి, బువ్వ బంతిల కూసుందాం."

"జర ఆగు," అన్నాను.

తెల్లబట్ట కింద పాదాలు ఇంకా తడిగా ఉన్నాయి.